పరిశోధక విద్యార్థుల పత్రపఠన గోష్ఠి

మన పాఠశాలలో చదివి, కళాశాల చదువులు ముగించి, నేడు భువనేశ్వరము, విశాఖపట్నము, హైదరాబాదు, బెంగుళూరు మొదలగు నగరములలో శాస్త్రపరిశోధన చేయుచున్న యువతీయువకులు కొందరు కలరు. వారి తల్లిదండ్రులు మమ్ము కలిసినప్పుడు అడుగు ప్రశ్నలలో ఒకటి తరచుగా వినబడుచున్నది. "శుక్రవారము సాయంకాలము జర్నల్ క్లబ్బు ఉన్నదని అబ్బాయి ఫోను ఎత్తుట లేదు. చదువుకొనుటకు పోయినవానికి ఈ క్లబ్బు ఏమి?" అని వారి సందేహము. క్లబ్బు అనగానే మన పట్టణములలో చీట్లపేక జ్ఞాపకమునకు వచ్చుట సహజమే. కావున ఆ మాటకు అర్థమేమో, ఆ గోష్ఠి ఎట్లు జరుగునో, దానివలన పిల్లలకు కలుగు ప్రయోజనమేమో, అందు మనవారికి ఎదురగు చిక్కు ఏదియో తల్లిదండ్రులకు వివరింపవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. మన బరంపురముననే 2016లో ఐసర్ అను విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ నెలకొనినందున, ఇకముందు ఈ మాట మన యిండ్లలో ఇంకను తరచుగా వినబడగలదు.

పత్రమనగా నేమి

జర్నలు అనగా శాస్త్ర పత్రిక. శాస్త్రజ్ఞుడు తాను కనుగొనిన విషయమును తోడి శాస్త్రజ్ఞులకు తెలుపుటకై అట్టి పత్రికలో వ్రాయు వ్యాసమునకు పరిశోధన పత్రమని పేరు. ఇది సాధారణముగా కొలది పుటలలో ముగియును. మొదట సారాంశము, తరువాత ఈ ప్రశ్న ఎందుకు పుట్టినదో తెలుపు ఉపోద్ఘాతము, ప్రయోగము చేసిన పద్ధతి, వచ్చిన ఫలితములు, తుదకు ఆ ఫలితములను గూర్చిన చర్చ, ఇవి దాని అంగములు. సంపాదకుడు దానిని ఆ శాస్త్రము నెరిగిన ఇద్దరు ముగ్గురికి పంపును. వారు పరిశీలించి లోపములు చూపిన పిమ్మట, దిద్దుబాటులు జరిగి అది అచ్చగును.

పాఠ్యపుస్తకమునకును పత్రమునకును గల భేదమును తల్లిదండ్రులు గమనింపవలెను. పాఠ్యపుస్తకము తేలిన విషయమును చెప్పును. పత్రము ఇంకను తేలవలసిన విషయమును చెప్పును. మొదటిదానిని నమ్మి చదువుదుము. రెండవదానిని పరీక్షించుచు చదువవలెను. పదునైదు, పదునారు సంవత్సరములు పాఠ్యపుస్తకములనే చదివి, అందున్నదంతయు సత్యమని పరీక్షలలో తిరిగి వ్రాసి మార్కులు తెచ్చుకొనిన విద్యార్థికి ఈ రెండవ విధమైన చదువు ఒక్కనాటితో అలవడదు. ఒంటరిగా కూర్చున్న అసలే అలవడదు. దానిని అలవరచుటకు ఏర్పడినదే ఈ గోష్ఠి.

దీని పుట్టుక

ఈ ఆచారము నేటిది కాదు. లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రియందు 1835వ సంవత్సర ప్రాంతమున కొందరు విద్యార్థులు ఆసుపత్రి గుమ్మమునకు చేరువనున్న ఒక రొట్టెల దుకాణముపై గదిలో చేరి వైద్య పత్రికలు చదువుకొనెడివారని ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ పేజెట్ తన జ్ఞాపకములలో వ్రాసెను. తరువాత 1875లో కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో విలియమ్ ఆస్లర్ అను యువ వైద్యాచార్యుడు ఇట్టి గోష్ఠిని ఒక క్రమము ననుసరించి ప్రారంభించెను. విదేశ పత్రికలను ఒంటరిగా కొనుటకు అతనికి స్తోమత చాలకపోవుటయే దానికి కారణము. పలువురు కలిసి చందా కట్టి తెప్పించుకొని, ఒకరి తరువాత ఒకరు చదివి, చదివినదానిని గూర్చి మాటలాడుకొనిరి.

దీనిని చదువుచుండగా మన గ్రామముల రచ్చబండ జ్ఞాపకమునకు వచ్చును. ఊరికి ఒకే వార్తాపత్రిక వచ్చు దినములలో అక్షరము వచ్చినవాడు పైకి చదువగా పదిమంది వినెడివారు. వినుటతో ఆగక, "అట్లెట్లు జరుగును?" అని అడిగెడివారు. లేమివలన పుట్టిన పొత్తు చదువులో ఒక గుణమున్నది. చదువువాడు తనకు అర్థము కానిచోట దాటిపోవుటకు వీలుండదు.

నేడు పత్రికల కొరత చాలవరకు తీరినది. భౌతికశాస్త్ర పత్రములను ఉచితముగా చదువుటకు వీలుగా 1991లో ఆర్కైవ్ అను భాండారము కంప్యూటరు ద్వారా ఏర్పడినది. తరువాత ఇతర శాస్త్రములకును అట్టివి వచ్చినవి. ఇప్పుడు కొరత పత్రములకు కాదు, వానిని నిదానించి చదువు తీరికకును, అడిగి తెలిసికొను ధైర్యమునకును. అందుచేత పూర్వము చందాల కొరకు పుట్టిన గోష్ఠి ఇప్పుడు ప్రశ్నల కొరకు నిలిచియున్నది.

నడపు విధానము

గోష్ఠికి పెద్ద సరంజామా అవసరము లేదు. ఎనిమిది మొదలు పన్నెండుగురు సభ్యులు, ఒక గది, ఒక నల్లబల్ల, వారమున కొక గంట చాలును. అంతకు మించిన సభ్యులున్నచో సగముమంది మౌనముగా కూర్చుందురు. నలుగురైదుగురే యున్నచో ఒకరు రానినాడు గోష్ఠి సాగదు. దినమును, వేళను మార్చరాదు. వీలునుబట్టి పెట్టుకొందమనుకొనిన గోష్ఠి మూడవ నెలలో ఆగిపోవుట సామాన్యము.

పత్రమును ఎన్నుకొనుట మొదటి పని. అది మిక్కిలి పొడవైనదిగాని, ఒక్కరికే తెలిసిన శాఖకు చెందినదిగాని కారాదు. ఎన్నుకొనినవారు తమ స్వంత పత్రమునుగాని తమ గురువు పత్రమునుగాని తేకుండుట మేలు. గురువు పత్రమును గురువు ఎదుట విమర్శించుట ఎవరికైనను కష్టమే. పత్రమును కనీసము వారము ముందుగా అందరికి ఈమెయిలు ద్వారా పంపవలెను. ఒక్కొక్క వారము ఒక్కొక్కరు వంతు తీసుకొని దానిని వివరింపవలెను. తక్కినవారు దానిని చదువక వచ్చినచో అది గోష్ఠి కాదు, ఉపన్యాసము.

వంతు వచ్చినవాడు ఇరువది నిమిషములకు మించి మాటలాడకుండుట మంచిది. మొదట రెండు వాక్యములలో, ఈ పత్రము ఏ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నదో చెప్పవలెను. ఈ రెండు వాక్యములు చెప్పలేనివాడు పత్రమును ఇంకొకసారి చదువవలసియున్నదని తెలిసికొనవచ్చును. తరువాత పటములను, పట్టికలను ఒక్కొక్కటిగా చూపవలెను. గ్రంథకర్త తన మాటలలో ఏమి చెప్పినను, అతనికి వాస్తవముగా లభించినది ఆ పటములలోనే కలదు. ఒక పటమును చూచి "దీనినిబట్టి మనకేమి తోచుచున్నది?" అని ముందు మనము అనుకొని, పిమ్మట గ్రంథకర్త అభిప్రాయమును చదివి పోల్చుట ఉత్తమమైన అభ్యాసము.

ప్రతి సభ్యుడును ఒక ప్రశ్నను కాగితముపై వ్రాసి తీసికొని రావలెను. అడుగు అవకాశము మొదట అందరికంటె చిన్నవారికి, అనగా ఆ సంవత్సరమే చేరినవారికి, ఈయవలెను. పెద్దవారు మొదట మాటలాడినచో చిన్నవారు ఇక నోరు తెరువరు. పర్యవేక్షించు ఆచార్యుడు వచ్చినను చివరనే మాటలాడవలెను. తనకు అర్థము కానిదానిని అర్థము కాలేదని ఆయనయే ఒకసారి పైకి చెప్పినచో, ఆ గదిలో పది ఉపన్యాసములు చేయలేని మేలు జరుగును. ముగించుటకు ముందు ఐదు నిమిషములు, "మనమే ఈ పని చేయుచున్నచో తరువాతి ప్రయోగము ఏమి?" అను ప్రశ్నకు కేటాయింపవలెను. తేలని సందేహములను ఒకరు పుస్తకములో వ్రాసియుంచవలెను.

ఇవి కేవలము మా ఊహలు కావు. అమెరికాలోని వైద్యశిక్షణ కేంద్రములలో జరుగు గోష్ఠులను పరిశీలించి 1995లో ప్రకటింపబడిన ఒక పత్రము, ఏ గోష్ఠులు ఎక్కువమందిని ఆకర్షించి ఎక్కువకాలము నిలిచినవో తెలిపినది. హాజరు తప్పనిసరి చేయుట, పత్రమును విమర్శించు పద్ధతిని నేర్పుట, గోష్ఠి ఆచార్యుల చేతిలోగాక విద్యార్థుల చేతిలో నుండుట అందు పేర్కొనబడినవి. వానితోపాటు ఫలహారము పెట్టుటయు పేర్కొనబడినది! పకోడీయు, తేనీరును శాస్త్రమునకు చేయు సేవను మనవారు చిన్నచూపు చూడనక్కరలేదు.

ఒక పత్రము, నాలుగు ప్రశ్నలు

గోష్ఠిలో జరుగునదేమో ఒక ఉదాహరణముతో చూపినచో తల్లిదండ్రులకు స్పష్టమగును. కడుపులో పుండు అను వ్యాధిని మనమందరము ఎరుగుదుము. కారము ఎక్కువ తినుటచేతను, మనోవ్యాకులతచేతను, కడుపులో ఆమ్లము పెరిగి ఆ పుండు కలుగునని వైద్యులును చాలకాలము నమ్మిరి. 1984 జూన్ నెలలో లాన్సెట్ అను ఆంగ్ల వైద్య పత్రికలో, ఆస్ట్రేలియాయందలి పెర్త్ నగరమునకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను వైద్యులు ఒక పత్రమును ప్రకటించిరి. ఎండోస్కోపీ పరీక్షకై వచ్చిన 100 మంది రోగుల కడుపు లోపలి పొరనుండి చిన్న తునకలు తీసి వారు పరీక్షించిరి. 58 మందిలో వంకర ఆకారముగల బాక్టీరియా కనబడినది. వానిలో 11 తునకలనుండి ఆ జీవిని ప్రయోగశాలలో పెంచగలిగిరి. పుండుగాని, తీవ్రముగా సాగుచున్న దీర్ఘకాలపు వాపుగాని ఉన్నవారిలో ఇంచుమించు అందరియందును ఆ బాక్టీరియా ఉండెను.

దీనిని గోష్ఠిలో ఉంచినప్పుడు వచ్చు మొదటి ప్రశ్న: ఆ 100 మందిని ఎట్లు ఎన్నుకొనిరి? పత్రములోని పద్ధతి భాగమే దీనికి సమాధానము చెప్పును. వరుసగా వచ్చినవారిలో అంగీకరించిన వారినే తీసికొనిరి. తమకు నచ్చిన రోగులను ఏరుకొనలేదు. ఇది ఆ పత్రమునకు బలము. కాని వారందరును ఏదో ఒక బాధతో ఆసుపత్రికి వచ్చినవారే. ఆరోగ్యవంతులలో ఈ బాక్టీరియా ఎందరికి కలదో దీనివలన తెలియదు. ఇది దాని హద్దు. బలమును హద్దును రెండింటిని ఒకే చోట చూడ నేర్చుట పరిశోధకునికి మొదటి పాఠము.

రెండవ ప్రశ్న: 58 మందిలో కనబడినది 11 మందిలోనే ఎందుకు పెరిగినది? దీనిని వెదకిన విద్యార్థికి ఒక చక్కని సంగతి తెలియును. రెండు దినములలో ఏమియు పెరుగకున్న పాత్రలను పారవేయుట ఆ ప్రయోగశాల వాడుక. 1982లో ఈస్టరు సెలవులవలన కొన్ని పాత్రలు ఐదు దినములు అట్లే ఉండిపోగా, ఆ జీవి మొదటిసారి పెరిగి కనబడెను. అది మెల్లగా పెరుగు జాతి. లేదనుకొనినది నిజముగా లేకపోవుట వేరు, మనము తగినంతకాలము చూడకపోవుట వేరు.

మూడవ ప్రశ్న అన్నిటికంటె పెద్దది. పుండు ఉన్నచోట బాక్టీరియా ఉన్నంతమాత్రమున, బాక్టీరియావలన పుండు పుట్టినదని చెప్పవచ్చునా? పుండు మీద ఈగ వాలును. ఈగవలన పుండు పుట్టినదని ఎవరును అనరు. ముందు పుండు పడి, తరువాత ఆ చోట బాక్టీరియా చేరియుండవచ్చును గదా? ఈ ప్రశ్నకు ఆ పత్రములో సమాధానము లేదు. లేదని దానిని వ్రాసినవారికిని తెలియును. అందుచేతనే వారు ఈ బాక్టీరియా ఆ వ్యాధులకు ముఖ్యకారణములలో ఒకటి "కావచ్చును" అని మాత్రమే వ్రాసిరి, "అగును" అని వ్రాయలేదు. ఆ ఒక్క మాటను గుర్తించి చూపిన విద్యార్థి ఆనాటి గోష్ఠిలో నేర్వవలసినది నేర్చినాడని మా అభిప్రాయము. చేతనున్న సాక్ష్యము ఎంతయో అంతకు మించి ఒక్క మాటయు పలుకకుండుట శాస్త్రమునకు ప్రాణము.

నాలుగవ ప్రశ్న: తరువాత చేయవలసినదేమి? ఆరోగ్యవంతునికి ఆ బాక్టీరియాను ఇచ్చి చూడవలెను, లేదా రోగినుండి దానిని తొలగించి పుండు తిరుగబెట్టునేమో చూడవలెను. మార్షల్ 1984లో ముందుగా తన కడుపును పరీక్ష చేయించుకొని, ఆ బాక్టీరియాను తానే త్రాగెను. కొలది దినములకు వాంతులు పట్టుకొనెను. తిరిగి పరీక్షింపగా కడుపు పొర వాచి కనబడెను. ఈ సంగతిని 1985లో ప్రకటించిరి. అయితే అతనికి కలిగినది వాపేగాని పుండు కాదు. గోష్ఠిలో ఈ భేదమును కూడ ఎవరో ఒకరు తప్పక ఎత్తి చూపవలెను. బాక్టీరియాను మందులతో తొలగించినచో పుండు తిరుగబెట్టుట మిక్కిలి తగ్గునని తరువాతి సంవత్సరములలో పలుచోట్ల జరిగిన పరీక్షలు నిరూపించినవి. 2005లో వారిద్దరికిని నోబెల్ బహుమానము లభించెను. నేడు హెలికోబాక్టర్ పైలొరీ అను ఆ జీవికి వైద్యులు ఆంటీబయాటిక్ మందులిచ్చుచున్నారు. అన్ని పుండ్లకును అదియే కారణము కాదు. కొన్ని నొప్పి మాత్రల వలనను కలుగును.

పత్రమును పరిశీలించుట యనగా తప్పులు పట్టుట మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది. పత్రము ఎంతవరకు నిజము చెప్పినదో, ఎక్కడ ఆగినదో, ఆగినచోటినుండి త్రోవ ఎటు పోవునో చూచుటయే పరిశీలన.

పేరుపొందిన పత్రికలు

గొప్ప పత్రికలో అచ్చయినదంతయు నమ్మదగినదే యని మన విద్యార్థులు అనుకొందురు. అచ్చయిన అక్షరముపై మనకు గల గౌరవము అట్టిది. దీనికి వేరొక ఉదాహరణము చూపుదుము. కోవిడ్ వ్యాధి ప్రబలియున్న 2020 మే నెలలో, పైన చెప్పిన లాన్సెట్ పత్రికలోనే హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మందును గూర్చి ఒక పత్రము వెలువడెను. 671 ఆసుపత్రులనుండి 96,000 మందికి పైగా రోగుల వివరములను సేకరించితిమని అందు వ్రాసిరి. ఆ సంఖ్యలు చూచి లోకము విస్మయము చెందెను. కాని ఇతర శాస్త్రజ్ఞులు నిదానముగా చదివి, "ఈ వివరములు ఏ ఆసుపత్రులనుండి వచ్చినవి? ఆస్ట్రేలియాలో చనిపోయినట్లు చూపిన సంఖ్య ప్రభుత్వపు లెక్కకు మించి యున్నదేల?" అని అడిగిరి. మూలమైన వివరములను చూపుట సాధ్యము కానందున, పట్టుమని రెండు వారములలో, జూన్ 4వ తేదీన, ఆ పత్రము ఉపసంహరింపబడెను.

మొదటి పత్రము 100 మందితో నిలిచినది. రెండవది 96,000 మందితోను నిలువలేదు. భేదము సంఖ్యలో లేదు, "ఇది నీకెట్లు తెలిసినది?" అను ప్రశ్నకు బదులు చెప్పగలుగుటలో ఉన్నది. ఆ ప్రశ్న అడుగుటకు పెద్ద బిరుదులు అవసరము లేదు. చేరిన మొదటి సంవత్సరపు విద్యార్థియు అడుగవచ్చును. అడుగుట నేర్పునది గోష్ఠి.

వివరించువానికి కలుగు లాభము

వంతు వచ్చినదనగానే విద్యార్థులు భయపడుదురు. తమ పరిశోధన మానుకొని ఇతరుల పత్రమును చదివి చెప్పుట కాలహరణమని కొందరు తలంతురు. దీనికి శాస్త్రచరిత్రయే సమాధానము చెప్పును. 1925వ సంవత్సరాంతమున స్విట్జర్లాండు దేశములోని జూరిచ్ నగరమున భౌతికశాస్త్రజ్ఞుల గోష్ఠి నడుచుచుండెను. పదార్థకణములకు తరంగస్వభావము కలదని ఫ్రాన్సు దేశపు యువకుడు ద బ్రోయీ ప్రతిపాదించిన సిద్ధాంతమును వివరింపుమని పీటర్ డిబై అను ఆచార్యుడు ఎర్విన్ ష్రోడింగర్‌ను కోరెను. ష్రోడింగర్ చక్కగా వివరించెను. అంతట డిబై, తరంగములని మాటలాడినంత మాత్రమున చాలదు, తరంగమునకు ఒక సమీకరణము ఉండవలెను గదా యని ఆక్షేపించెను. ఆ గదిలో విద్యార్థిగా కూర్చున్న ఫెలిక్స్ బ్లాక్ తరువాతి కాలమున ఈ సంగతిని వ్రాసెను. కొలది వారములకే ష్రోడింగర్ తనకు ఆ సమీకరణము దొరకినదని అదే గోష్ఠిలో చెప్పెను. 1926లో ప్రకటింపబడిన ఆ సమీకరణమును నేడు ప్రపంచమందలి భౌతికశాస్త్ర విద్యార్థులందరును చదువుచున్నారు. దానికి 1933లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇతరుల పత్రమును ఇతరులకు వివరింపబూనినందున, తనకు తోచని లోపము వినువాని నోట బయటపడినది. ప్రతి గోష్ఠిలోను ఇట్టి అద్భుతము జరుగదు. కాని చిన్న పరిమాణములో ఈ మేలే ప్రతి వారమును జరుగుచుండును.

మన పిల్లలకు ఎదురగు చిక్కు

ఇక మనవారి సంగతికి వత్తుము. మన పిల్లలు ఇంట తెలుగు, బజారున ఒడియా మాటలాడుదురు. పాఠములు తెలుగున చదివి, కళాశాలలో ఇంగ్లీషున వ్రాయుదురు. గోష్ఠి ఇంగ్లీషున జరుగును. పరిశోధనకు పోయిన మన పూర్వవిద్యార్థులు సెలవులలో వచ్చి చెప్పు మాటలనుబట్టి చూడగా, పత్రము అర్థము కాకపోవుట అరుదు. అర్థమయ్యును, ప్రశ్న మనసున పుట్టియు, దానిని ఇంగ్లీషులో పొందుపరచుకొనునంతలో చర్చ ముందుకు సాగిపోవును. అట్లు కొన్ని నెలలు మౌనముగా కూర్చున్నవానిని ఇతరులు ఆలోచన లేనివాడని తలంతురు. కొంతకాలమునకు తానును అట్లే తలచును. అసలు ప్రమాదమిదియే.

దీనికి మూలము భాష ఒక్కటే కాదు. మాటలాడక కూర్చుండు పిల్లవాడు బుద్ధిమంతుడనియు, పెద్దలను ప్రశ్నించువాడు పెంకివాడనియు మన సమాజమున వాడుక. ఇంగ్లీషు మాధ్యమమున చదివిన పిల్లలలోను ఈ మౌనము కలదు. కాబట్టి చిన్ననాటనే మాధ్యమము మార్చినచో చిక్కు తీరునని అనుకొనుట సరికాదు. ప్రశ్నించు అలవాటు లేనివానికి ఇంగ్లీషు వచ్చినను అడుగుటకేమియు ఉండదు. అలవాటు ఉన్నవానికి ఇంగ్లీషు తరువాతనైనను వచ్చును.

దీనికి నిదర్శనములు కలవు. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా అను యువకులు కలకత్తాలో జర్మను భాషలోని ఐన్‌స్టైన్ పత్రములను చదివి ఇంగ్లీషులోనికి అనువదింపగా, 1920లో కలకత్తా విశ్వవిద్యాలయము వారు దానిని ప్రకటించిరి. పరభాషలోని పత్రము వారికి అడ్డు కాలేదు. ఆ బోసుగారే 1948లో బంగాళీ భాషలో శాస్త్రమును వ్యాపింపజేయుటకై ఒక పరిషత్తును స్థాపించిరి. మనకు ఇంకను దగ్గరి నిదర్శనము కావలెనన్నచో, 1898లో ఈ బరంపురముననే జన్మించిన కొచ్చర్లకోట రంగధామరావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున వర్ణపటశాస్త్ర పరిశోధనను పెంపొందించి పలువురు శిష్యులను తీర్చిదిద్దిరి.

గోష్ఠికి పోవు మన విద్యార్థులకు మేము చెప్పు ఉపాయము సులభమైనది. పత్రమును చదువుచు, ప్రక్కనున్న ఖాళీస్థలమున సందేహమును తెలుగులోనే వ్రాసికొనవలెను. మనసునకు తోచిన భాషలో తోచినట్లు వ్రాసినప్పుడే సందేహము యొక్క అసలు ముడి తెలియును. ఆ పిమ్మట దానిని ఒక్క చిన్న ఇంగ్లీషు వాక్యముగా మార్చి కాగితముపై వ్రాసి తీసికొని పోవలెను. గోష్ఠిలో మొదటి పది నిమిషములలోనే దానిని చదివియైనను అడుగవలెను. ఆలస్యమైన కొలది నోరు పెగలదు. నాలుగైదు వారములలో కాగితము అక్కరలేకపోవును.

తల్లిదండ్రులు చేయదగినది

ఈ విషయమున తల్లిదండ్రులు చేయదగినవి కొన్ని కలవు. మొదటిది, సెలవులకు వచ్చిన కుమారునిగాని కుమార్తెనుగాని, "నీవు ఈ మధ్య చదివిన పత్రమేమి? మాకు తెలుగులో చెప్పుము" అని అడుగుట. చదువుకొనని తల్లికి అర్థమగునట్లు చెప్పగలిగినవాడు గోష్ఠిలో ఎవరికైనను చెప్పగలడు. ఆమె "అది మీకెట్లు తెలిసినది?" అని అడిగినచో అంతకంటె మంచి ప్రశ్న ఏ ఆచార్యుడును అడుగబోడు.

రెండవది ఆడపిల్లలను గూర్చినది. గోష్ఠి సాయంకాలము చీకటిపడువరకు జరుగుచున్నదని కొందరు తల్లిదండ్రులు కుమార్తెలను పోవలదనుచున్నారు. వారి ఆందోళన మాకు తెలియును. కాని గోష్ఠికి పోనివారు పరిశోధనలో సగము చదువును పోగొట్టుకొందురు. కావున పోవలదనుటకు బదులు, గోష్ఠిని పగటివేళ పనిగంటలలోనే పెట్టుమని సంస్థవారిని కోరుమని కుమార్తెలకు చెప్పవలెను. దూరమునుండి వచ్చి పోవువారికిని, చిన్నబిడ్డలు గలవారికిని కూడ అదియే అనుకూలము.

మూడవది అన్నిటికంటె ముందు జరుగవలసినది. ఇంటిలో పిల్లవాడు "ఎందుకు?" అని అడిగినప్పుడు, ఊరకుండుమని కసరక, తెలిసినచో చెప్పుట, తెలియనిచో తెలియదని చెప్పి, కలిసి వెదకుదమనుట.

మన పాఠశాలలో పై తరగతులవారికి శనివారము చివరి గంటలో ఇట్టి చిన్న గోష్ఠిని తెలుగులో నడుపుచున్నాము. వార్తాపత్రికలోని ఒక శాస్త్రవార్తనుగాని, ఒక ప్రకటననుగాని ఒక విద్యార్థి చదివి చెప్పును. తక్కినవారు మూడు ప్రశ్నలు వేయుదురు. ఇది వారికెట్లు తెలిసినది? ఎందరిపై చూచిరి? వేరొక కారణము ఉండరాదా? ఈ పొడిని పాలలో కలిపి త్రాగిన పిల్లలు ఎత్తు పెరుగుదురను ఒక ప్రకటనను చదివినప్పుడు, "త్రాగని పిల్లలును పెరుగుదురు గదా, వారితో పోల్చి చూచిరా?" అని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అడిగెను. ఆ బాలిక అడిగిన ప్రశ్నయే పెద్ద పరిశోధనశాలలలోని గోష్ఠులలోను అడుగుదురు. భాషయు, పరికరములును మాత్రమే వేరు.

తల్లిదండ్రులు వీలుచేసికొని ఏ శనివారమైనను మధ్యాహ్నము మూడు గంటలకు వచ్చి, వెనుక బల్లలపై కూర్చుండి ఈ గోష్ఠిని వినవలెనని కోరుచున్నాము. సందేహము కలిగినచో వారును అడుగవచ్చును. కాని అవకాశము ముందు పిల్లలకే ఈయబడును.